కొండదారియు, మెమరీ కార్డును

విశాఖపట్టణమునుండి అరకులోయకు దాదాపు 115 కిలోమీటర్లు. అనంతగిరి కనుమలు దాటినపిదప పెక్కు తావుల సెల్‌ఫోనునకు సిగ్నలందదు. అచ్చట మోటారుసైకిలు మీది జీపీఎస్ యంత్రమే శరణ్యము. ఉపగ్రహములవలన మనమున్న చోటు మాత్రమే తెలియును; దారిపటము కార్డులో నుండవలయును.

నిరుడు వానకాలమున నొక గూడెమునకు మందులు తీసికొని పోవుచుంటిని. చౌకగా కొనిన నా కార్డుపై 64 జీబీ యని అచ్చువేసి యుండెను. నిజమునకు దానిలో పట్టునది స్వల్పము. మించి వ్రాసినది నిలువలేదు. చీకటిపడు వేళకు తెరపై దారి మాయమయ్యెను. ఒక గిరిజన వృద్ధుడు ముందు నడచి దారి చూపెను. రోగి మాత్రము రెండు గంటలు బాధపడవలసి వచ్చెను.

కావున మూడు మాటలు మనవి చేయుదును. యంత్రముతో వచ్చిన పుస్తకమున నెంత కార్డు పనికివచ్చునో ముందు చూడుడు. పాత యంత్రములు పెక్కు 32 జీబీకి మించినదానిని చదువజాలవు. 10వ తరగతి గుర్తుగల కార్డు సెకనుకు కనీసము 10 మెగాబైట్లు వ్రాసికొనును, పటములకది చాలును. కొన్న నాడే కార్డును నిండుగ నింపి, తిరిగి చదివించి పరీక్షింపుడు.

కార్డెంత మంచిదైనను, గూడెపు పెద్దను దారి యడుగుట మానకుడు. సెలవు.