మిర్చి ఒప్పందంలో అదనపు ధర: నందిగామ, జగ్గయ్యపేట రైతుకు మిగిలేదెంత?

వ్యవసాయ విద్యార్థులు పట్టాలందుకుంటున్న ఈ స్నాతకోత్సవ సభ ముందు ఉంచదగిన ప్రశ్న ఒకటుంది: మేలైన సరుకు పండిస్తే మార్కెట్ ధరపై ఇంత ఎక్కువ ఇస్తామని కొనుగోలుదారు ముందుగానే రాసిచ్చే ఒప్పందం వల్ల రైతుకు నిజంగా మిగిలేదెంత? పశ్చిమ కెనడాలో ఈ ప్రశ్న గోధుమ రైతుది. బ్రిటన్‌కు చెందిన వార్‌బర్టన్స్ రొట్టెల సంస్థ అక్కడ తనకు కావలసిన రకాలనే వేయించి, ఇతర గోధుమతో కలవకుండా నిల్వ చేయించి, అందుకు అదనపు ధర చెల్లిస్తూ వచ్చింది. చలికాలం పొట్టిగా, వెచ్చగా ఉండే కృష్ణా మెట్టలో గోధుమ పంట లేదు గనుక, 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో అదే ప్రశ్న మిర్చి రైతుకు ఎదురవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఐ.టి.సి. వంటి సంస్థలు సమగ్ర సస్యరక్షణ పద్ధతిలో, అంటే పురుగును లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, ఎర పంటలతో అదుపుచేస్తూ రసాయన మందును చివరి అస్త్రంగానే వాడే పద్ధతిలో, మిర్చి పండింపజేసి కొంటున్నాయి. ఇటువంటి సరుకుకు ప్రధానంగా రెండు పరీక్షలుంటాయి. ఒకటి మందుల అవశేషాలది. రెండవది అఫ్లాటాక్సిన్‌ది, అనగా తేమ ఆరని కాయపై పెరిగే బూజు పుట్టించే విషానిది. దీనిలో బి1 రకం కిలో ఎండుమిర్చిలో 5 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా సమాఖ్య ఆ సరుకును అనుమతించదు. ఈ దోషం ఎక్కువగా తలెత్తేది కల్లంలోనే కాబట్టి, కోసిన పండుకాయను నేలపై గాక పట్టాలపై పలుచగా పరచి, రోజూ తిరగదోడి, రాత్రి మంచు పడకముందే కుప్పచేసి కప్పి, తేమ 10 శాతం దరిదాపులకు దిగాక తాలుకాయ ఏరి టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, ఎత్తాలి. ఈ పనిలో అధికభాగం కూలి స్త్రీలది. ఎగుమతి నాణ్యత వారి చేతుల మీదుగానే వస్తుందన్న సంగతి ధరల చర్చలో అరుదుగా వినిపిస్తుంది.

ఎకరాకు 20 క్వింటాళ్లు పండి, మార్కెట్ ధర క్వింటాలుకు 10,000 రూపాయలుండి, అదనపు ధర 5 శాతమని అనుకుంటే, రైతు ఎకరాకు అదనంగా ఆశించేది 10,000 రూపాయలు. అందులో 4 క్వింటాళ్లు పరీక్షలో నిలవకపోతే అది 8,000కు తగ్గుతుంది. పట్టాలకు, ఏరుడు కూలికి 5,000 పోతే మిగిలేది 3,000. అదే సీజన్‌లో క్వింటాలుకు 1,000 రూపాయలు ధర పడితే పోయేది 20,000.

మిర్చి అంతకు మించి ధర ఊగిసలాడిన పంట. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను దెబ్బతీసిన తర్వాత ధర క్వింటాలుకు 20,000 రూపాయలు దాటింది. 2025 ఫిబ్రవరి నాటికి ఎంత పతనమైందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. మార్కెట్ ధరకు జోడించిన శాతం ఇటువంటి పతనంలో మార్కెట్‌తో పాటే దిగిపోతుంది. ముందే ఖాయం చేసిన ధర పతనంలో ఆదుకుంటుంది గానీ, ధర పెరిగిన ఏడు అది కళ్లెదుటి నష్టంగా తోచి, సరుకు బయటి వ్యాపారికి మళ్లుతుంది. కాబట్టి కనీస ధర, పెరుగుదలలో వాటా రెండూ రాసిన ఒప్పందమే గిట్టుబాటు కాగలదు. శాతం మాత్రమే చూపే ఒప్పందం ఇచ్చేది నాణ్యతకు కూలి మాత్రమే.

ఆ కూలి సైతం అందని వారు కౌలుదారులు. రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద భూయజమాని సమ్మతితో, 11 నెలల గడువుతో లభించే సాగుదారు హక్కు పత్రం లేనివారికి బ్యాంకు రుణం దుర్లభం కాగా, పెట్టుబడి పెట్టిన కమీషన్ వ్యాపారి ద్వారానే సరుకు అమ్మవలసి వస్తుంది. ఆ బాకీ తీరనిదే ఏ కంపెనీ అదనపు ధరా వారి దాకా రాదు.

రేపు గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలోనైనా, ఎగుమతి సంస్థలోనైనా పనిచేయబోయే పట్టభద్రులు మందుల పట్టికతో పాటు ఒప్పంద పత్రాన్నీ రైతు పక్కన కూర్చుని చదవవలసి ఉంది. నమూనాను అనేక టిక్కీల నుంచి రైతు ఎదుటే తీసి, సీలు వేసి, ఒక భాగం అతనికే అప్పగించాలన్న షరతును, సంస్థ జీతం తీసుకుంటున్నప్పుడు కూడా, వారు పట్టుబట్టి రాయించాలి. ఒక టిక్కీలో ఉన్న బూజు పక్క టిక్కీలో లేకపోవచ్చు గనుక, ఒక్క చోట తీసిన గుప్పెడు కాయను బట్టి ఏడాది పంటను తిరస్కరించడం, న్యాయం మాట అటుంచి, శాస్త్రసమ్మతం కూడా కాదు.