రోజుకొక చిన్న లెక్క
(ఖరగ్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు భాష నేర్చుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. వాయుసేనలో టెక్నీషియనుగా పనిచేసి, కలైకుండాలో చివరి పోస్టింగు ముగించుకుని ఇక్కడే స్థిరపడ్డవాణ్ణి. రిటైరయ్యాక పైథాన్ అనే భాష నేర్చుకున్నాను. ఆదివారాలు మా వరండాలో పదిమందికి చెబుతున్నాను. ఆ అనుభవంతోనే మాట్లాడతాను.

ఈ ఊరు మనకు పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి మన తాతలు వర్క్‌షాపు పనికి ఇక్కడికొచ్చారు. చాలామంది ఇనుము పని పుస్తకం చదివి నేర్చుకోలేదు. మొదట ఆకురాయి పట్టించి ఒక ముక్కను నున్నగా, చదరంగా చేయమనేవారు. అది కుదిరాకే తరువాతి పని. అదే ఊళ్ళో 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. పట్టాలకు ఒక పక్క ఆకురాయి, ఇంకో పక్క కంప్యూటరు. రెండూ నేర్చుకునే పద్ధతి మాత్రం ఒక్కటేనని నా నమ్మకం. చిన్న పని, సొంత చేత్తో, రోజూ.

సీ భాషమీద కెర్నిఘన్, రిచీ 1978లో రాసిన పుస్తకంలో మొదటి అభ్యాసం ఏమిటో తెలుసా? తెరమీద ‘హలో, వరల్డ్’ అని కనబడేలా చేయడం, అంతే! ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ అది పరేడ్ గ్రౌండులో మొదటిరోజు ‘సావధాన్’ లాంటిది. టైపు చేయడం, భద్రపరచడం, నడపడం, తప్పొస్తే తెరమీద వచ్చిన మాట చదవడం. ఈ నాలుగూ చేతికి అలవాటు కావాలి.

ఇప్పుడు మన ఊరికి తగ్గ అభ్యాసం ఒకటి. రాత్రి 23.50కి బయలుదేరిన బండి 45 నిమిషాల తరువాత ఎన్ని గంటలకు చేరుతుంది? రైల్వేవాళ్ళకూ మనకూ 24 గంటల గడియారమే కదా. గుడ్డిగా కూడితే 23.95 వస్తుంది. అలాంటి టైము ఏ గడియారంలోనూ ఉండదు. కాబట్టి ముందు అంతా నిమిషాల్లోకి మార్చాలి. 23 గంటల 50 నిమిషాలంటే 1430 నిమిషాలు. 45 కలిపితే 1475. రోజుకు 1440 నిమిషాలు గనక దానితో భాగిస్తే శేషం 35. అంటే 00.35. భాగఫలం 1 వచ్చింది, అంటే తేదీ మారింది. మూడు నాలుగు వరుసల ప్రోగ్రాము. కానీ దీనితో శేషం అనే పనిముట్టు చేతికొచ్చింది.

మా తరగతికి ఒక రిటైర్డ్ హవల్దారు గారు వస్తారు. సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నారు. మొదటిరోజు, “ఏటండీ సార్జెంటుగారూ, ఈ వయసులో మళ్ళీ ఓనమాలేటి?” అన్నారు. బండి లెక్క చేశాక వారం తిరక్కుండా ఆయనే అడిగారు, “ఏడుగురు గార్డులకి మూడు షిఫ్టులు వంతులవారీగా తిప్పడానికి కూడా ఇదే శేషం పనికొస్తాది కదండీ?” అని. నేను చెప్పలేదు, ఆయనకే తట్టింది. ఆ డ్యూటీ పట్టిక ఆయనే రాసుకున్నారు. ఇప్పుడు ఆయన గేటు దగ్గర కాదు, కంట్రోల్ రూములో కూర్చుంటున్నారు.

చిన్న లెక్కే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పైథాన్‌లో 0.1ని పదిసార్లు ఒకదానికొకటి కూడండి. 1 వస్తుందనుకుంటాం. 0.9999999999999999 అని వస్తుంది. కారణం ఏమంటే, మన దశాంశ పద్ధతిలో మూడో వంతు 0.333 అంటూ ఎలా తెగదో, రెండంకెలతో లెక్కించే కంప్యూటరుకు పదోవంతు అలాగే తెగదు. ఎక్కడో ఒకచోట కత్తిరించాలి.

ఆ కత్తిరింపు ఏం చేసిందో మనవాళ్ళు తెలుసుకోవాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర అమెరికా పేట్రియాట్ క్షిపణి దళం ఒకటి వంద గంటలకు పైగా ఆపకుండా నడిచింది. దాని గడియారం సెకనులో పదోవంతుల చొప్పున లెక్కించేది. దాన్ని సెకన్లలోకి మార్చినప్పుడు జరిగే కత్తిరింపు కణమంత. కానీ గంటలు గడిచేకొద్దీ పేరుకుని దాదాపు 0.34 సెకన్ల తేడా అయింది. అంతసేపట్లో స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటి పోతుంది. పేట్రియాట్ వెతకాల్సిన చోట వెతకలేదు. ఫిబ్రవరి 25న స్కడ్ బారక్‌మీద పడి 28 మంది సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేరు ధహ్రాన్ చేరింది మర్నాడు. పదోవంతు పాఠం ఇంట్లో కూర్చుని నేర్చుకుంటే ఖర్చు పది నిమిషాలు. యుద్ధభూమిలో నేర్చుకుంటే ఎంతో ఆ 28 ఇళ్ళవాళ్ళను అడగాలి.

ఇక చాలామంది వేసే ప్రశ్న. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన ప్రోగ్రామల్లా రాసిచ్చేస్తోంది కదా, మనకెందుకీ శ్రమ? వాయుసేన మిత్రులకు ఫారం 700 తెలుసు. పని ఎవరు చేసినా, చూసి సంతకం పెట్టినవాడిదే బాధ్యత. యంత్రం రాసిచ్చిన ప్రోగ్రాముకూ అంతే. 23.95 గంటలు అని జవాబొస్తే ‘ఇదేదో తేడాగా ఉందే’ అని పట్టుకునే కన్ను కావాలి. ఆ కన్ను చిన్న లెక్కలతోనే వస్తుంది.

పద్ధతి చెబుతాను. రోజుకు ఒక్కటే అభ్యాసం. ఎక్కడినుంచో తెచ్చి అతికించవద్దు, అక్షరం అక్షరం సొంతంగా కొట్టండి. నడిపేముందు ఏ జవాబు వస్తుందో కాగితంమీద రాసుకోండి. తప్పు సందేశం వస్తే కంగారుపడక ఏ వరుస అంటోందో చూడండి. పని చేశాక ఒక చిన్న మార్పు చేసి మళ్ళీ నడపండి. లీపు సంవత్సరం లెక్క చేయండి. 1900 ఎందుకు కాదో, 2000 ఎందుకు అయిందో తేల్చండి. డబ్బు ఖర్చు లేదు. పైథాన్ ఉచితం, పాత కంప్యూటరు చాలు. సీ నేర్చుకోవాలంటే ఇక్కడి ఐఐటీలో ఆచార్యులుగా పనిచేసిన అనుపమ్ బసు గారి పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా వినవచ్చు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. మనలో చాలామంది నలభైకి అటూ ఇటూగా యూనిఫాం విప్పుతాం. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరినవారిలో ఎక్కువమందికి సేవ నాలుగేళ్ళే. పిల్లల చదువులు, ఇంటి అప్పు అప్పుడే మొదలవుతాయి. డీజీఆర్ శిక్షణలు ఉన్నాయి, తప్పక వాడుకోండి. కానీ ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. బారక్‌లో రాత్రి భోజనానికి ముందు ఒక అరగంట చాలు. రైఫిలు విప్పి మళ్ళీ బిగించడం మొదటిరోజే వచ్చిందా మనకు? వందసార్లు చేశాక కళ్ళు మూసుకుని చేశాం. ఇదీ అంతే.

వరండాలో ఇంకా చోటుంది. చాపలు నేను వేస్తాను, నోటుబుక్కు మీరు తెచ్చుకోండి.

సెలవు. జై హింద్!