‘ఇప్పుడే వస్తున్నాను’

నగరములలో నివసించు గృహస్థులు తరచుగా వినుమాటలలో ‘ఇప్పుడే వస్తున్నాను’ అనునది యొకటి. కుళాయి చెడిపోయి ప్లంబరునకు టెలిఫోను చేసినపుడు మొట్టమొదట లభించు సమాధాన మిదియే. ఈ ‘ఇప్పుడు’ అను కాలమునకు గడియారముతో సంబంధము లేదు. అది అరగంట కావచ్చును, మాపటివేళ కావచ్చును, ఎల్లుండి కావచ్చును. మన యూళ్లలో దయ్యము లోనికి రాకుండుటకై తలుపుమీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసియుంచెడివారు. అది ప్రతిరాత్రియు వచ్చి, ఆ వ్రాత చదువుకొని, మరునాటిపై ఆశతో మరలిపోవునట. ప్లంబరుకొరకు ఎదురుచూచు ఇంటియజమాని స్థితియు ఇంచుమించుగా ఆ దయ్యము స్థితివంటిదే.

నవ్వుకొనుటకు ఇది బాగుగనే యున్నది. కాని నీరు గోడలోనికి దిగుచున్నపుడు ఎవరికిని నవ్వు రాదు. పనివారిని దూషించుట నా ఉద్దేశము కాదు. ఇంటివారికిని పనివానికిని నడుమ మాట యెట్లు నడువవలెను, ఎక్కడ తెగుచున్నది, తెగినచో నష్టమెవరికి, అను విషయములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ప్లంబరు అను పేరు సీసమను నర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. పూర్వము రోమను నగరములలో నీటిగొట్టములను సీసముతో చేసెడివారు. మన పెరటిలో బావి యున్నంతకాలము మనకు ఈ వృత్తివానితో పని లేకపోయెను. చేదత్రాడు తెగినచో మనమే ముడివేసికొంటిమి. హైదరాబాదు సంగతి చూడుడు. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన పిమ్మట, ఆ నదిమీద గండిపేటవద్ద ఉస్మాన్‌సాగరు 1920 నాటికిని, దానికి తోడుగా హిమాయత్‌సాగరు 1927 నాటికిని సిద్ధమైనవి. 2004 మొదలుకొని కృష్ణానది నీరును నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణముచేసి ఆ నగరమునకు వచ్చుచున్నది. అంతదూరమునుండి తెచ్చిన నీరు, కాణీ విలువచేయని రబ్బరు వాషరొకటి అరిగిన కారణమున, మన వంటయింటి తూములోనికి జారిపోవుచున్నది.

అది యెంత నీరో తెలిసికొనుటకు పండితుల యవసరము లేదు. కారుచున్న కుళాయిక్రింద పావులీటరు గ్లాసు నొకదానిని ఉంచి గడియారము చూడుడు. అరగంటలో గ్లాసు నిండినచో దినమునకు 12 లీటర్లు, సంవత్సరమునకు 4,380 లీటర్లు వృథా యగుచున్నవన్నమాట. రోజు విడిచి రోజు నీరువచ్చు వీథులలో ఇది చిన్న లెక్క కాదు.

ఇక నా యనుభవ మొకటి చెప్పెదను. మూడేండ్లక్రిందట ఒక ఆదివారము ఉదయమున మా యింటి వాష్‌బేసినుక్రింద గొట్టము చిట్లినది. మేము రెండవ అంతస్తులో నుందుము. మా క్రిందియింటిలో విశ్రాంత ఉపాధ్యాయు లొకరు, మంచముపట్టిన వారి భార్యయు నివసించుచుండిరి. నేను వెంటనే నాకు తెలిసిన ప్లంబరునకు ఫోను చేసితిని. “ఐదు నిమిషాల పని, ఒక్కసారి వచ్చి చూసిపో” అంటిని. “ఇప్పుడే వస్తున్నాను సార్” అనెను. ఆ మాట నమ్మియు నమ్మక, మరి యిద్దరికి కూడ ఫోను చేసితిని. రెండవవాడు ఫోను తీయలేదు. మూడవవాడు తీసి, “ఇవాళ రాలేను సార్. రేపు తొమ్మిదింటికి వస్తాను” అనెను. మొదటివాడు వచ్చుననెను గదా యని అతనికి సరిగా బదులైన చెప్పక ఫోను పెట్టివేసితిని.

మధ్యాహ్నమైనది. మొదటివాడు రాలేదు, నా పిలుపులకు పలుకుటయు మానివేసెను. బక్కెట్లు మార్చుచు కూర్చుంటిని. సాయంకాలము నాలుగు గంటలకు క్రిందియింటి మాస్టారుగారు మెట్లెక్కి వచ్చిరి. ఆయన కోపపడలేదు. “పైకప్పునుంచి మంచంమీద పడుతోందండీ. ఆవిణ్ణి హాలులోకి మార్చాను. ఒక్కణ్ణీ కావటంచేత కొంచెం ఆలస్యమైంది” అనిరి. ఆ మాట నా మనస్సులో నేటికిని ములుకువలె నున్నది.

అప్పుడు సిగ్గువిడిచి మూడవవానిని మరల పిలిచితిని. అతడు రాలేననియే చెప్పెను. కాని, “బేసినుకింద చిన్న వాల్వు తిరుగుతుందా సార్? తిరగకపోతే మేడమీదకు వెళ్లి, టాంకునుంచి మీ బాత్రూముకు దిగే గొట్టానికున్న వాల్వు కట్టెయ్యండి. రాత్రికి బొట్టు పడదు” అనెను. రెండు నిమిషములలో నీరు నిలిచిపోయినది. మరునాడు తొమ్మిది దాటిన పది నిమిషములకు అతడు వచ్చి పని ముగించెను. నాకు మేలు చేసినది ‘వస్తాను’ అన్నవాడు కాదు, ‘రాలేను’ అన్నవాడు.

కథ ఇంతటితో ముగిసినచో తప్పంతయు మొదటివానిపై మోపి నేను సుఖముగా నుందును. కాని కొన్నాళ్లకు అతడు బజారులో కనబడినపుడు, ఏల రాలేదని నిలదీసితిని. అతడు నెమ్మదిగా, “కిందటేడు మీరు పిలిస్తే ఊరి ఆ చివరనుంచి వచ్చాను సార్. గుమ్మంలోనే, వేరేవాడు చేసి వెళ్లిపోయాడన్నారు. ఆ పూట నాకు ఇంకో పని దొరకలేదు. ఈసారీ ఇంకొకరిని పిలిచే ఉంటారనుకున్నాను” అనెను. అతని ఊహ అక్షరాల నిజము. అతడు నాకు చెప్పిన అబద్ధమునకు ముందే నేనతనికి ఒక అబద్ధము చెప్పియుంటిని. ‘నిన్నే పిలుచుచున్నాను’ అనునది నా అబద్ధము. ‘ఇప్పుడే వస్తున్నాను’ అనునది అతని అబద్ధము. ఆ రెంటి నడుమను తడిసినది ఏ పాపమునెరుగని యొక రోగిష్టి యిల్లాలి పడక.

కావున మొదట మన బాధ్యతను చూచుకొందము. పనివానిని పిలుచునపుడు ‘పంపు పోయింది’ అని ఊరకొందుము. కొన్ని యెడల పంపనగా కుళాయి. కొన్ని యెడల పంపనగా మోటారు. తెలంగాణమున నల్లా యందురు. విన్నవాడు మోటారు విప్పు సామగ్రితో వచ్చి, వాషరులేక మరల బజారునకు పోవును. ఆ తిరుగుడులో సగము దినము గడచిపోవును. నీరు ఎక్కడినుండి కారుచున్నది, బొట్టుబొట్టుగానా ధారగానా, గొట్టము ఇనుపదా ప్లాస్టిక్‌దా, అర అంగుళమా ముప్పాతికా, వాల్వు మూసిన నిలుచుచున్నదా, ఎన్నవ అంతస్తు, ఈ సంగతులను ముందే చెప్పవలెను. గోడలోపల అనుమానమున్నచో అన్ని కుళాయిలను మూసి మీటరు చూడుడు. ముల్లు తిరుగుచునే యున్నచో నీరు ఎక్కడనో పోవుచున్నదనుట నిశ్చయము. నేడు సెల్‌ఫోనుతో ఫోటో తీసి పంపుట పిల్లలకు సయితము తెలిసిన విద్య. ఒక్క ఫోటో పది మాటల పెట్టు.

ఫోటోవలన మరియొక లాభము కలదు. దేశములోని నగరములందు ఈ పని చేయువారిలో ఒడిశా రాష్ట్రపు కేంద్రాపడా జిల్లావారు పెక్కుమంది. ఆ జిల్లాలోని పట్టాముండాయి పట్టణములో ఈ విద్య నేర్పుటకు ప్రత్యేకముగా ప్రభుత్వ సంస్థయే యున్నది. అట్టివాడు మన యింటికి వచ్చినపుడు అతని తెలుగు కొంత, మన హిందీ కొంత కలిసి మూడవ భాష పుట్టును. ఆ భాషలో ‘వాల్వు’, ‘వాషరు’ అను మాటలు నిలుచును గాని, ‘నిన్నటినుండి’, ‘అప్పుడప్పుడు’ అను మాటలు నిలువవు. చిత్రమునకు భాషతో పని లేదు.

ఇక పనివాని వంతు. అతడు ఫోను తీయకపోవుట ఎల్లవేళల అలక్ష్యము కాదు. తొట్టిక్రింద వెల్లకిల పరుండి, ఒకచేత రెంచి, మరొకచేత గొట్టము పట్టుకొన్నవాడు ఫోను ఎట్లు తీయును? కాని పని ముగించి చేతులు తుడుచుకొన్న తరువాత ఒక్క మాట చెప్పుట అసాధ్యము కాదు. ‘లేదు’ అన్నచో బేరము శాశ్వతముగా పోవునని అతని భయము. నిజమునకు బేరము పోవునది ‘లేదు’ అన్నందున కాదు, ‘వస్తున్నాను’ అని రానందున. ‘వచ్చెదను’, ‘రాలేను’, ‘ఇంత ఆలస్యమగును’ అను మూడు సమాధానములు అతని సంచిలో రెంచివలె, టేపువలె ఎల్లప్పుడు నుండదగినవి.

పని నడుచునపుడు కూడ మాట అవసరము. ప్లాస్టిక్ గొట్టములను సొల్యూషనుతో అతికిన పిమ్మట అది గట్టిపడువరకు నీరు వదలరాదు. ఆ సంగతి చెప్పక వెడలిపోయినచో, ఇంటివారు తొందరపడి వాల్వు విప్పుదురు, అతుకు ఊడును, నింద పనివానిపై పడును. అట్లే టైలు పగులగొట్టి చూచినపుడు లోపల అనుకొన్నదానికంటె పెద్ద పని కనబడవచ్చును. అప్పుడు ఉలి క్రింద పెట్టి ఇంటివారిని పిలిచి చూపి, ఖర్చెంత పెరుగునో చెప్పి, సరేనన్న తరువాతనే ముందుకు పోవలెను. చివర లెక్క చెప్పునపుడు కోపము తెప్పించునది చాలతరచుగా మొత్తము కాదు, ముందు చెప్పకపోవుట.

2019లో చేసిన వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. డబ్బిచ్చి పొందు సేవలలో లోపమున్నపుడు ఫిర్యాదు చేసికొనుటకు అందు మార్గము కలదు. పెద్ద పనులకు రసీదు తీసికొని దాచుట అందువలన మంచిది. కాని వాషరు తగాదాకు కమిషను మెట్లెక్కుట గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుటయే. పని, సామాను, కూలి, వచ్చు వేళ, ఈ నాలుగింటిని కాగితముమీద రెండు పంక్తులలో వ్రాసికొన్నచో పెక్కు తగాదాలు పుట్టకయే పోవును. వేరొకరిని కుదుర్చుకొన్నపుడు, మొదటివానికి వెంటనే ‘రావద్దు’ అని తెలుపుడు. అప్పటికే అతడు బయలుదేరి వచ్చియున్నచో దారిఖర్చు చేతిలో పెట్టి పంపుడు. అది దానము కాదు, బాకీ.

నీటికిని మాటకును పోలిక యున్నది. రెండును కంటికి కనబడని సన్నని సందులలోనుండియే పోవును. పోయినట్లు తెలియునప్పటికి గోడ నాని యుండును. నేనిప్పుడు ఒక్కరినే పిలుచుచున్నాను. రానన్నచో కృతజ్ఞత చెప్పి, తరువాతనే మరియొకరిని వెదకుచున్నాను. మేడమీద ఏ వాల్వు ఎవరి యింటిదో రంగుతో వ్రాయించి, ఆ పట్టిక మాస్టారుగారి కొకటి ఇచ్చితిని. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకొని, “ఆవిడ మళ్లీ ఆ గదిలోకే మారిందండీ” అనిరి.