గోధుమ పడని బిడ్డ



జొన్న పిండి, గోధుమ పిండి రెండూ మీ చేతికి తెలిసినవే. జొన్న పిండిని వేడినీళ్ళు పోసి ఎంత పిసికినా సాగదు. లాగితే తెగిపోతుంది. అందుకే జొన్న రొట్టెను అరచేత్తో తట్టాలి. గోధుమ పిండి అట్లా కాదు. లాగితే సాగుతుంది. కర్రతో ఒత్తితే చపాతీ అవుతుంది. మైదా ఇంకా సాగుతుంది. ఓళిగలు చేసేవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

గోధుమకు ఆ సాగే గుణం ఇచ్చే జిగురు ఒకటుంది. దాని పేరు గ్లూటెన్. అది విషం కాదు. చాలామంది దాన్ని తింటారు, అరిగించుకుంటారు. కొందరు పిల్లలకు మాత్రం అది పడదు. ఆ జబ్బును డాక్టర్లు సీలియాక్ జబ్బు అంటారు.

ఒక తల్లి ఉందనుకోండి. ఆరు నెలలదాకా బిడ్డ చనుబాలు తాగి బొద్దుగా ఉన్నాడు. తర్వాత బన్ను, బిస్కట్టు, రవ్వ ఉప్మా అలవాటయ్యాయి. ఏడాది దాటేసరికి విరేచనాలు మొదలయ్యాయి. పాలిపోయి, జిడ్డుగా, చెడు వాసనతో పోతున్నాయి. పొట్ట ఉబ్బింది. కాళ్ళు చేతులు పుల్లలైనాయి. ఊరికే ఏడుస్తాడు. "దిష్టి తగిలింది, అంత్రం కట్టించు" అంది అత్త. "నీ పాలు మంచివి గావేమో" అంది పక్కింటామె. ఆ తల్లి లోలోపల కుమిలిపోయింది. బిడ్డ ఏడుపు ఆపడానికి మళ్ళీ ఒక బిస్కట్టు చేతిలో పెట్టింది.

తల్లి పాలలో తప్పేమీ లేదు. తప్పంతా పేగులో జరుగుతోంది. చిన్నపేగు లోపలి భాగం తువాలు మీది నూగులాగా ఉంటుంది. తిన్న తిండిలోని సత్తువను ఆ నూగే పీల్చి ఒంటికి ఇస్తుంది. ఈ జబ్బున్న బిడ్డ గోధుమ తింటే ఒంట్లోని కాపలా శక్తి పొరపాటు పడుతుంది. రోగాల మీద పోరాడాల్సిన ఆ శక్తి సొంత పేగు మీదే తిరగబడుతుంది. నూగు అరిగిపోతుంది. నూగు పోయిన తువాలు నీళ్ళు పీల్చదు కదా! అట్లాగే పేగు సత్తువను పీల్చదు. బిడ్డకు ఎంత పెట్టినా ఒంటబట్టదు. రక్తం తగ్గుతుంది, ఐరన్ మందు తాగించినా పెరగదు. ఎముకలు బలహీనపడతాయి. ఎత్తు ఎదగదు. ఆడపిల్ల ఆలస్యంగా పెద్దమనిషి కావచ్చు. కొందరికి విరేచనాలే ఉండవు, ఎదుగుదల మాత్రం ఆగుతుంది. మలబద్ధకం ఉండేవాళ్ళు కూడా ఉన్నారు.

దీనికి గోధుమే కారణమని కనిపెట్టింది హాలండ్ దేశపు పిల్లల డాక్టరు. ఆయన పేరు విల్లెం డికె. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కాస్త తేరుకున్నారు! రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ పడకేశారు. డికెకు గోధుమ మీద అంతకుముందే అనుమానం ఉంది. ఆయన 1950లో తన పరిశోధనను బయటపెట్టాడు.

దేశంలో ఈ జబ్బు అంతటా ఒకే తీరుగా లేదు. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో 23 వేలమందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించారు. ఉత్తరాదిలో వెయ్యిమందికి ఎనిమిది మందికి పైగా ఈ జబ్బు కనబడింది. దక్షిణాదిలో పదివేలమందికి ఒక్కరు. ఉత్తరాది మనిషి రోజుకు సుమారు 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాది మనిషి తినేది 25 గ్రాములే.

కమలాపురం, ఎర్రగుంట్ల ఊళ్ళ పాత తిండి జొన్న రొట్టె, కొర్రన్నం, రాగి సంగటి. వాటిలో ఈ జిగురు లేదు. ఇప్పుడు బజారులో ఎక్కడ చూసినా పరోటా, బన్ను, రస్కు, సేమియా. జబ్బు అరుదే. అరుదైనది గనుకనే ఎవరికీ తట్టదు.

బిడ్డ బక్కచిక్కితే గోధుమే కారణం అనుకోకూడదు. నులిపురుగులు, మురికినీళ్ళు, క్షయ, చాలని తిండి, వీటివల్లే ఎక్కువమంది పిల్లలు చిక్కిపోతారు. గోధుమ తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు లేచి ఆయాసం వస్తే అది వేరే జబ్బు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

విరేచనాలు వారాల తరబడి తగ్గకపోయినా, బరువు పెరగకపోయినా కమలాపురం ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. కడపలో పిల్లల డాక్టరు దగ్గరికి పంపమని అడగండి. "సీలియాక్ పరీక్ష చేయాలేమో చూడండి సార్" అని అడగడంలో తప్పులేదు. ముందు రక్తం పరీక్ష చేస్తారు. అవసరమైతే గొట్టం వేసి పేగులో చిన్న ముక్క తీసి చూస్తారు.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా పట్టుకోండి. పరీక్ష కాకముందే గోధుమ మానిపించకూడదు. మానిపిస్తే పేగు మెల్లగా బాగుపడుతుంది. పరీక్షలో జబ్బు దొరకకపోవచ్చు. బిడ్డకు ఏముందో తేలడం కష్టమవుతుంది.

జబ్బు తేలితే దానికి మందు లేదు. తిండే మందు. గోధుమ, బార్లీ బతికినంతకాలం మానాలి. అన్నం, జొన్న, సజ్జ, కొర్ర, రాగి, మొక్కజొన్న, పప్పులు, చెనిక్కాయలు, గుడ్డు, పాలు పెట్టవచ్చు. కొద్ది వారాల్లో విరేచనాలు తగ్గుతాయి. నెలలు గడిచేకొద్దీ బిడ్డ ఎదుగుతాడు.

కంటికి కనబడని గోధుమతోనే చిక్కు. బొంబాయి రవ్వ, మైదా, సేమియా గోధుమతో చేసినవే. అంగట్లో అమ్మే ఇంగువలో కూడా మైదా కలుపుతారు. జ్వరానికి ఇచ్చే బార్లీ నీళ్ళూ పనికిరావు. అంగన్‌వాడీ బాలామృతంలో గోధుమ ఉంది. అది మామూలు బిడ్డలకు మంచి ఆహారం, వాళ్ళకు మానిపించకండి. ఈ జబ్బున్న బిడ్డ సంగతి మాత్రం అంగన్‌వాడీ టీచరుకు చెప్పాలి.

పిండి మిల్లు సంగతి కూడా చూడాలి. గోధుమలు ఆడించిన మిల్లులో జొన్నలు పోస్తే గోధుమ పిండి కలుస్తుంది. అటక మీది విసుర్రాయి దించి కడగండి. ఆ బిడ్డ పిండి ఇంట్లోనే విసరండి.

ఈ జబ్బు అంటుకోదు. అయితే ఒకే రక్తంలో వస్తుంది. ఒక బిడ్డకు ఉంటే అన్నకు, చెల్లికి, అమ్మకు, నాయనకు కూడా రక్తం పరీక్ష చేయించాలి. వాళ్ళు ఆరోగ్యంగా కనబడినా సరే.