సుంకపు సోదా: మనము తెలిసికొనవలసిన సంగతులు

(యానాములో జరిగిన మన సంఘపు సభయందు చేసిన ప్రసంగపాఠము)



"సుంకరి వద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు" అని మనలో ఒక సామెత కలదు. సుంకము వసూలు చేయువాని యెదుట మొరపెట్టుకొని ఫలము లేదని దాని భావము. మా తాతగారు ఈ మాటను తరచుగా అనుచుండెడివారు. అందుకు కారణము లేకపోలేదు. ఫ్రెంచి ఇండియాకును బ్రిటిషు ఇండియాకును 1941లో కుదిరిన సుంకపు ఒప్పందము 1949లో ముగిసెను. అటుపిమ్మట ఫ్రెంచి స్థావరముల పొలిమేరలలో భారత సుంకశాఖవారి కాపలా బిగిసినది. ఒకనాడు మా తాతగారి బండి నాపి బస్తాలన్నియు విప్పించిరట. ఏమియు దొరకలేదు. బండి పోవచ్చుననిరి గాని, సోదా జరిగినట్లు చీటీ ఒక్కటియు వ్రాసి యీయలేదు. ఆయనయు అడుగలేదు. అడుగవచ్చునని ఆయనకు తెలియదు.

1954లో యానాము పాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. ఆ కాపలాకు పని లేకపోయినది. అడుగుటకు జంకు మాత్రము మన యిండ్లలో నిలిచిపోయినది. నేడు మనవారిలో లారీలు గలవారు కలరు, పడవలు గలవారు కలరు. కాకినాడ, విశాఖపట్టణము, చెన్నై రేవులకు సరకు చేరవేయువారు కలరు. కావున ఈ విషయమును మీ ముందుంచుచున్నాము.

1962 నాటి కస్టమ్సు చట్టము 1963 ఫిబ్రవరి 1 నుండి అమలులో నున్నది. దాని 37వ సెక్షను ప్రకారము, దిగుమతి సరకు గాని ఎగుమతి సరకు గాని మోయుచున్న ఓడ, విమానము, వాహనములలో దేనినైనను అధికారి ఎప్పుడైనను ఎక్కవచ్చును. అవసరమని తోచినంతకాలము అందే యుండవచ్చును. 106వ సెక్షను ఇంకను బలమైనది. దొంగరవాణాకు వాడబడినదని గాని, వాడబడబోవుచున్నదని గాని నమ్ముటకు కారణమున్న యెడల, అధికారి వాహనమును, పడవను, తుదకు బరువు మోయు పశువును సయితము ఆపి సోదా చేయవచ్చును. తాళపుచెవి ఇయ్యనిచో తాళము పగులగొట్టవచ్చును. సముద్రముమీద ప్రభుత్వ నౌక సంజ్ఞ చేసినను ఆగని పడవను తరుమవచ్చును. హెచ్చరికగా తుపాకి ప్రేల్చిన పిదపను ఆగనిచో దానిపై కాల్పులు జరుపవచ్చును. ఈ అధికారము చెల్లు జలములు లోగడ తీరమునుండి 24 నాటికల్ మైళ్లవరకే. 2018లో 200 మైళ్లవరకు పెంచబడినవి.

ఇంతటి అధికారము దేనికని కొందరడుగుదురు. దొంగసరకు గడియలో చేయి మారును. న్యాయాధికారి ఉత్తరువు తెచ్చునంతలో పడవ కనుచూపు దాటును. ఆ కారణమున చట్టము అధికారిని త్వరపడనిచ్చినది. కాని కట్టుబాటు లేకుండ విడువలేదు. "నమ్ముటకు కారణము" ఉండవలెనన్నదే మొదటి కట్టు. మనిషి నొడలు సోదా చేయునప్పుడు, అతడు కోరినచో గెజిటెడు కస్టమ్సు అధికారి యెదుటికి గాని మేజిస్ట్రేటు యెదుటికి గాని తీసికొనిపోవలెను. ఇద్దరు సాక్షులుండవలెను. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను. కారణము లేకయే మనిషిని సోదా చేయించిన అధికారికి 6 నెలల వరకు కారాగారము గాని, 1,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని 136వ సెక్షను చెప్పుచున్నది. స్వాధీనపరచుకొన్న సరకు విషయమున సాధారణముగ 6 నెలలలో నోటీసు ఇయ్యవలెను. పై అధికారి కారణములు వ్రాసి మరి 6 నెలల వరకు గడువు పొడిగింపవచ్చును.

లారీ యజమానులు మరియొక సంగతి గమనింపవలెను. దొంగసరకు మోసిన బండిని జప్తు చేయవచ్చును. యజమానికి తెలియకుండ జరిగినదన్నంత మాత్రమున చాలదు. అతని ఏజెంటునకును, బండి నడుపువానికిని కూడ తెలియదని నిరూపింపవలెను. దారిలో ఎవడో ఇచ్చిన మూటను డ్రైవరు నాలుగు రూకల కాశపడి ఎక్కించుకొన్నచో, మన బండియే చేజారవచ్చును.

ఇక మాకు జరిగిన దానిని దాచక చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట రేవునుండి వచ్చుచున్న మా లారీని ఆపి, 18 పెట్టెలు దింపుకొనిరి. కాగితమున 16 అని వ్రాసిరి. కాగితము ఆంగ్లమున నున్నది. మా డ్రైవరునకు తెలుగు తప్ప చదువరాదు. సంతకము చేసి వచ్చెను. పత్రములు సక్రమముగా నున్నందున 16 పెట్టెలు తిరిగి వచ్చినవి. తక్కిన రెంటికై ఎనిమిది నెలలు తిరిగి, ఆశ విడిచితిమి. లెక్క తప్పువ్రాసినది వారే. చదువరాని కాగితముపై సంతకము చేయరాదని డ్రైవరునకు ముందుగా చెప్పనిది మాత్రము మేము.

సంతకము చిన్న విషయము కాదు. కస్టమ్సు అధికారి పోలీసు అధికారి కాడనియు, అతని యెదుట ఇచ్చిన వాంగ్మూలము సాక్ష్యముగా చెల్లుననియు సుప్రీంకోర్టు 1968లో తీర్పు చెప్పినది. కావున వ్రాసినదానిని తెలుగున చదివి వినిపింపుడని మర్యాదగా అడుగుడు. తెలుగున స్వయముగా వ్రాసి యిత్తునని కోరుడు. పంచనామా నకలు అడుగుడు. అన్యాయము జరిగినదని తోచినచో అర్జీని తెలుగుననే పెట్టుకొనవచ్చును. దేశమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ యిచ్చు హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతివారికిని ఇచ్చినది. వాడని హక్కు పెట్టెలో మూలుగు పత్రము వంటిది.

మా ప్రార్థన ఒక్కటే. ఆపినప్పుడు పరుగెత్తకుడు, కలహింపకుడు, చేతిలో చేయి కలిపి పైకము పెట్టకుడు. తాళపుచెవి ఇండు, పత్రములు చూపుడు, లెక్క సరిచూచుకొనుడు. సోదావేళ అడుగవలసిన నాలుగు మాటలను తెలుగున అచ్చొత్తించి, లారీకొకటి, పడవకొకటి చొప్పున మన సంఘము పంచవలెనని ఈ సభకు ప్రతిపాదించుచున్నాము. అచ్చుకూలి మేము భరింతుము.

సుంకరి వద్ద సుఖదుఃఖములు చెప్పుకొన పనిలేదు. మా తాతగారు అడుగని చీటీని మన పిల్లలైనను అడుగుదురు గాక.

సెలవు.