సుమోలకు అడ్డంగా గొర్రెల మంద

మాది కడప. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరిన ఫస్ట్ డే, ఊరు పేరు చెప్పగానే టీమ్‌లో ఒకాయన అడిగినాడు: "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అందరితోపాటు నేనూ నవ్వేసినా. రూముకొచ్చాక మాత్రం మనసు చివుక్కుమనింది.

ఈరోజు మాట్లాడేది 1954 నాటి కార్టూన్ 'డ్రాగ్-ఎ-లాంగ్ డ్రూపీ' గురించి. కౌబాయ్ సినిమాల మీద పేరడీ. హీరో డ్రూపీ నిద్రమొహం కుక్క, గొర్రెల కాపరి. ఆ గొర్రెలు పోయిన దోవంతా గడ్డి నున్నగా గొరిగేస్తాయి. ఆవుల మందలున్న తోడేలు "నా నేల మీదికి రావద్దు" అని తుపాకీ తీస్తుంది. ఎంత కాల్చినా పరువు పోయేది తోడేలుకే.

తీసింది టెక్స్ ఏవరీ. 1908లో టెక్సస్‌లోనే పుట్టినోడు. కౌబాయ్‌ల గడ్డ మీద పుట్టి, కౌబాయ్ బిల్డప్‌ని చూసి నవ్వినాడు.

మనకు కౌబాయ్‌ని 1971లో కృష్ణ గారు 'మోసగాళ్లకు మోసగాడు'తో తెచ్చినారు. 1999లో 'సమరసింహారెడ్డి' హిట్టయినాక సీమ అంటే సుమోలు, కత్తులే అయిపోయింది. కానీ మా పక్క పంట కోసినాక రైతే కాపరిని పిలిచి, డబ్బులో గింజలో ఇచ్చి, ఎరువు కోసం చేలో మంద పెట్టించుకుంటాడు. అది ఏ సినిమాలో చూసినారు?

ఫ్యాక్షన్ లేదని నేను అనను. మనుషుల్ని పోగొట్టుకున్న ఇండ్లు మాకు తెలుసు. అందుకే బయటోడి జోకు గుచ్చుకుంటుంది. ఆ జోకు మనమే వేయాల. సుమోలు గాల్లో లేస్తుంటే, గొర్రెల మంద నిదానంగా రోడ్డు దాటాల. కథ నా దగ్గరుంది. బొమ్మలు వేసే సీమోళ్లుంటే కామెంట్ పెట్టండి.