మాయమైన మాంసకృత్తుల లెక్క



మాస్టారి స్మారకోపన్యాసానికి పంది పేగు తగిన విషయమేనా అని నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. బతుకంతా తవుడూ చెక్కా తూచిన మాస్టారు మాత్రం నొచ్చుకోరని నా ధైర్యం.

ఎదిగే పంది మేతలో పీచు పెరిగితే మాంసకృత్తుల జీర్ణం తగ్గుతుందని ఒక్క ముక్కలో చెప్పి కూర్చోవచ్చు. కానీ ఎక్కడ తగ్గుతుంది, ఏ లెక్కలో తగ్గుతుంది అన్న దగ్గరే పేచీ అంతా ఉంది.

పాత లెక్క మీకు తెలిసిందే. తిన్న నత్రజనిలోంచి పెంటలో పోయిన నత్రజనిని తీసేస్తాం. మిగిలిందాన్ని 6.25తో గుణించి, ఇంత మాంసకృత్తు అరిగిందంటాం. 1973లో పోలండ్‌కు చెందిన శాస్త్రవేత్త జెబ్రోవ్స్కా ఈ లెక్క పునాదినే కదిలించారు. పాల మాంసకృత్తు అయిన కేసీన్‌ను పంది నోటికి ఇవ్వకుండా నేరుగా చిన్నపేగు చివరికి పంపి చూశారు. పెంటలో అది పెద్దగా కనిపించలేదు. పాత లెక్క ప్రకారం బ్రహ్మాండంగా అరిగినట్టే. తీరా చూస్తే ఆ నత్రజని దాదాపుగా మూత్రంలో తేలింది. పెద్దపేగులో సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా విడగొట్టాయి, రక్తం దాన్ని పీల్చుకుంది, కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపింది. కండకు దక్కింది దాదాపు సున్న. చిన్నపేగు దాటిన మాంసకృత్తు, చివరి మడి దాటి మురుగుకాలువలో పడ్డ నీరే.

అందుకే ఇప్పుడు కొలత చిన్నపేగు చివర, అంటే ఇలియం దగ్గర తీస్తారు. శస్త్రచికిత్స చేసి అక్కడ టీ ఆకారపు గొట్టం అమరుస్తారు. మేతలో క్రోమిక్ ఆక్సైడ్ లాంటి అరగని గుర్తుపదార్థం కలుపుతారు. గొట్టానికి కట్టిన ప్లాస్టిక్ సంచిలోకి పలచని పసుపుపచ్చ జావ కారుతుంది. సంచిని వెంటవెంటనే మార్చి గడ్డకట్టించాలి. ఆలస్యమైతే సంచిలోని సూక్ష్మజీవులే మన అమైనో ఆమ్లాలను తినేస్తాయి. ఈ పని ఓపిక అడుగుతుంది, ఖర్చూ అడుగుతుంది.

ఈ జావలో ఉన్నదంతా మేతలోంచి వచ్చింది కాదు. జీర్ణరసాల ఎంజైములు, పేగుగోడ నుంచి రాలిన కణాలు, జిగురు, ఇవన్నీ పంది సొంత మాంసకృత్తులు. పీచు పెరిగితే ఈ సొంత నష్టం కూడా పెరుగుతుంది. గరుకైన, నీటిలో కరగని పీచు పేగుగోడను రాపాడుతూ, మేతను తొందరగా ముందుకు తోసేస్తుంది. పెక్టిన్ లాంటి కరిగే పీచు తీరు వేరు. అది నీటిని పట్టుకుని జావను చిక్కగా, జిగటగా చేస్తుంది. ఎంజైములు మేతను చేరడం, చేరి విడగొట్టిన అమైనో ఆమ్లాలు పేగుగోడను చేరడం, రెండూ నెమ్మదిస్తాయి. తవుడులో, గోధుమ పొట్టులో ఇంకో చిక్కుంది. కొంత మాంసకృత్తు కణాల గోడల లోపలే ఇరుక్కుని ఉంటుంది. గోడ పగలకపోతే ఎంజైముకు అందదు.

జిగురు సంగతి విడిగా చెప్పాలి. దానిలోని మ్యూసిన్‌లో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పుష్కలం. మ్యూసిన్ సరిగా అరగదు కాబట్టి అందులో పెట్టిన థ్రియోనిన్ చాలావరకు తిరిగి రాదు. పీచు ఎక్కువైన మేతకు లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఒక్కటీ చూసుకుంటే చాలదనడానికి ఇదే కారణం.

ఇంతవరకు విని పీచును దొంగ అనుకోకండి. పెద్దపేగులో పులిసే పీచు దొరికితే అక్కడి సూక్ష్మజీవులు రక్తంలోంచి వచ్చే యూరియాను వాడుకుని తమ ఒళ్లు పెంచుకుంటాయి. మూత్రంలో పోవలసిన నత్రజని సూక్ష్మజీవుల రూపంలో పెంటలోకి మళ్లుతుంది. పెంటలో నత్రజని పెరిగింది కదా అని పాత లెక్క జీర్ణం పడిపోయిందంటుంది. నిజానికి కండకు చేరినది అంతగా తగ్గకపోవచ్చు. అంటే పెంట లెక్క రెండు వైపులా మోసం చేస్తుంది: జెబ్రోవ్స్కా ప్రయోగంలో లేని జీర్ణాన్ని చూపింది, ఇక్కడ లేని నష్టాన్ని చూపుతుంది. పందుల కొట్టాల నుంచి వచ్చే అమ్మోనియాతో సతమతమైన నెదర్లాండ్స్‌లో 1990ల్లో చక్కెర దుంప పిప్పిని మేతలో కలిపి చూసింది ఈ మళ్లింపు కోసమే. అమ్మోనియా తగ్గింది.

ఇక మన ఇంటి సంగతి. మన దగ్గర పందులకు తవుడు, వేరుశనగ చెక్క పాత అలవాటు. హల్లర్ మిల్లు తవుడులో ఊక కలిసిపోతుంది. ఊక పీచే కాదు, సిలికా కూడా. పోనీ చెక్కతో సరిపెడదామంటే వేరుశనగలో లైసిన్ తక్కువ, థ్రియోనిన్ కూడా అంతంతే. పీచు ఏది ఎక్కువ ఖర్చు చేయిస్తుందో, చెక్క అదే తక్కువ ఇస్తుంది! దాణా సంచి మీద మాంసకృత్తుల శాతం మాత్రం ముచ్చటగా ఉంటుంది.

సంచి మీది ‘ముడి పీచు’ అంకె కూడా నమ్మదగింది కాదు. 1860ల్లో జర్మనీలోని వీండేలో హెన్నెబర్గ్, స్టోమాన్ రూపొందించిన పద్ధతి అది. ఆమ్లంలో, క్షారంలో ఉడికించేటప్పుడు హెమిసెల్యులోజ్, లిగ్నిన్ చాలావరకు కరిగిపోతాయి. శాస్త్రవేత్త వాన్ సోస్ట్ 1960ల్లో తెచ్చిన ఎన్‌డీఎఫ్ (తటస్థ డిటర్జెంట్‌లో కరగని పీచు) కొలత చాలా మెరుగు, కానీ పెక్టిన్‌ను అదీ పట్టదు. నూట యాభై ఏళ్లు దాటిన అంకెను ఇంకా అచ్చేస్తున్నామంటే బద్ధకం తప్ప మరో కారణం నాకు తోచదు.

పందుల గోల మనకెందుకనుకునే వారికి ఒక మాట. మనుషుల ఆహారంలో మాంసకృత్తుల నాణ్యతను కూడా ఇలియం దగ్గరే కొలవాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) నిపుణుల సంఘం 2013 నివేదికలో చెప్పింది. మనిషిలో కొలవడం కుదరనప్పుడు ఎదిగే పందిలో, అదీ కుదరకపోతే ఎలుకలో. మన కంది పప్పుకు మార్కులు వేసే పరీక్షకుల్లో పంది కూడా ఉందన్నమాట.

విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. పరాయి దేశాల పట్టికల్లోని అంకెలను మన తవుడుకు అంటగట్టకండి. మన మిల్లు తవుడు, మన చెక్క తీసుకుని, వాటిలో లైసిన్, థ్రియోనిన్ ఇలియం దగ్గర ఎంత అరుగుతున్నాయో కొలవండి. ఆ అంకెలను తెలుగులో అచ్చువేసి, దాణా కలిపే రైతు చేతికి అందేలా చూడండి.